ఒప్పుకుంటే ఈ దినమే ఇల్లు

పేదవాడికి కోర్టులో ఉచితంగా వకీలును ఇస్తారని ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాకూ ఇచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అన్న బెంగళూరులో బెళ్ళందూరు దగ్గర అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ పని చేసేవాడు. నేను గార్మెంట్స్ ఫ్యాక్టరీలో మిషను కుట్టేదాన్ని. ఒకరోజు సైటులో ఇనుప కమ్ములు పోయాయి. అవి పెట్టిన షెడ్డు పక్కనే అన్న గుడిసె. పోలీసులకు అంతకంటే సాక్ష్యం అక్కరలేకపోయింది. పనిలో పెట్టిన మేస్త్రీ మా ఊరివాడే, జీపు వచ్చేసరికి జాడ లేకుండా పోయాడు.

ఉచిత వకీలు చిన్న వయసు అమ్మాయి. చెడ్డది కాదు, చేతినిండా మాలాంటివాళ్ళ కేసులే. జామీను కూడా తెప్పించింది. వదిన సంబరంగా అన్నం కట్టుకుని జైలు గేటు దగ్గరికి పోయింది. జామీను రావడం వేరు, మనిషి రావడం వేరని అక్కడ తెలిసింది. బెంగళూరులో సొంత ఇల్లున్నవాడు వచ్చి పూచీ పడాలట. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు స్లాబు వేశాడు మా అన్న! అందులో ఒక్క ఇంటివాడి మొహమూ మాకు తెలియదు. నేను అద్దెకుండే ఇంటి ఓనరమ్మను అడిగాను.

"నిన్నయితే నమ్ముతానమ్మా. మీ అన్న ఎట్లాంటోడో నాకేమి తెలుసు?" అంది. ఆమెదీ తప్పనలేను. కోపం మాత్రం పోలేదు.

వానలు పోయి చలి వచ్చింది. అన్న లోపలే ఉన్నాడు. చివరికి కోర్టు వరండాలో వకీలమ్మ ఒక దారి చెప్పింది. ఆమెది కోలారు వైపు తెలుగు.

"ఒప్పుకునేయప్పా. లోపల ఉండింది చాలని జడ్జి వదిలేస్తారు. ఈ దినమే ఇంటికి పోతావు. కేసు నడిపితే ఎన్నేండ్లు పట్టుతాదో నాకే తెలీదు."

"చేయంది ఎట్ల ఒప్పుకొనేదక్కా?" అని నేను అడ్డం పడ్డాను.

అన్నే నన్ను ఆపాడు. "ఊరుకో పాపా. మన రచ్చకట్ట కాడ తప్పయిందని పెద్దలకు మొక్కితే అయిపోతాది కదా. ఇదీ అంతే."

మా ఊళ్ళో నిజంగా అంతే. గొడవ పెరగకూడదని తప్పు లేనివాడు కూడా మొక్కేవాడు. మరునాడు అందరూ కలిసి టీ తాగేవాళ్ళు, ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కోర్టుకు అంత మర్యాద ఎక్కడిది? అది రాసి పెట్టుకుంటుంది.

అన్న చేతులు జోడించి ఒప్పుకున్నాడు. సాయంత్రానికి ఇల్లు చేరాడు. వదిన కోడిని కోసింది.

కొన్నాళ్ళకు కాడుగోడిలో కొత్త సైటు మొదలైందని పనికి పోయాడు. గేటు దగ్గర కూర్చున్నది ఆ మేస్త్రీనే.

"నువ్వు చేయలేదని నాకు తెలుసప్పా. కోర్టులోనే ఒప్పుకున్నోడివి, నిన్ను లోపలికి ఎట్ల పెట్టుకొనేది?" అన్నాడట.

అన్న ఆయనకూ చేతులు జోడించి వచ్చేశాడు.