ఇంటికి ఒక్కరే

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కాస్త పొగరెక్కువ. పేదపిల్లల్ని చదివించే సంస్థ మాది. డబ్బిచ్చేది ఎక్కడివాళ్లో, పేరొచ్చేది నాకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఇంటికి ఒక్కరినే తీసుకోవాలన్నది నియమం.

ఒకరోజు ఉయ్యూరు దగ్గర చెరుకు నరికేవాళ్ల పాకలకు వెళ్లాను. ఒక తల్లికి ఐదుగురు. పెద్దపిల్లకు తొమ్మిదేళ్లు, చంకలోవాడికి ఇంకా పళ్లు రాలేదు. ఫొటో కావాలన్నానని ఆవిడ అందరికీ తల దువ్వి పౌడరు రాసింది. మంచి గౌను ఒక్కటే ఉంది. ముందు పెద్దదానికి తొడిగింది. బిగుతై వెనక హుక్కులు పడలేదు. విప్పి రెండోదానికి వేస్తే సరిగ్గా సరిపోయింది. అది నవ్వింది కూడా. ఫొటో తీసేశాను.

"పెద్దది బాగా చదువుద్దండీ," అంది తల్లి.

"ఫొటో బాగా వచ్చిందమ్మా, దీన్నే రాసుకుంటాను," అన్నాను. నాకు మధ్యాహ్నం బస్సు అందుకోవాలి. అంతకుమించి కారణం లేదు. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండోది హాస్టల్లో ఉండి చదువుకుని నర్సయింది. ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాను. పెద్దది తల్లి వెంట చెరుకు తోటల్లోకి వెళ్లింది. దాని గురించి నన్నెవరూ అడగలేదు, కానీ అది నన్ను వదల్లేదు. ఏ బడి గేటు దగ్గర పిల్లల్ని చూసినా, వాళ్లకు కాస్త ఎడంగా ఆ పిల్ల నిలబడి ఉన్నట్టే అనిపించేది.

పోయినేడు భవానీపురంలోని మా ఆఫీసుకు ఒకామె ఆరేళ్ల పాపను చేయి పట్టుకుని వచ్చింది.

"మీరు చదివించిన నర్సుకి అక్కనండీ," అంది.

ఆమె తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది. ఫారం తీసి, ఎంతమంది పిల్లలని అడిగాను.

"నలుగురండీ."

"మరి మిగతావాళ్లను తీసుకురాలేదే?"

ఆమె పాపను నీళ్లు తాగి రమ్మని బయటికి పంపి, గొంతు తగ్గించింది.

"తీసుకొస్తే మీరు ఎంచుతారు గదండీ. సూది వేయించడానికని చెప్పి దీన్నొక్కదాన్నే తెచ్చాను. మనల్ని వద్దన్నారని వాళ్లకి తెలవకూడదండీ."