కండెన్సరు మార్చింది నేను, దండం నిమ్మకాయకి

ఈ లోకంలో నిజానికి విలువ లేదు. ఈ మాట నా నోట వింటే ఈ బర్మాలో, మా అహ్లోన్ వీధిలో కుక్కలు కూడా పక్కకి తిరిగి నవ్వుకుంటాయి. నవ్వుకోనివ్వండి. రేవులో మొసలి ఒకటి నన్ను ఆపి చుట్ట అడిగిందని చెప్పినప్పుడు, ఆ చుట్ట ఏ రకమని అడిగిన జనమే, పంపు మోటారులో కండెన్సరు పోయిందని చెబితే సాక్ష్యం అడిగారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

మేముండేది నాలుగో అంతస్తు. కరెంటు వంతుల మీద వస్తుంది. వచ్చిందంటే వీధి వీధంతా బర్మీస్‌లో "మీలాబ్యీ!" అని కేక పెడుతుంది, కరెంటొచ్చిందోచ్ అని. ఆ కేక వినగానే కింద పంపు వేసి మేడ మీది తొట్టి నింపుకోవాలి. పంపు ఇళ్లన్నిటికీ ఒక్కటే. ఇనప గ్రిల్లులో ఉంటుంది. తాళంచెవి కింద వాటాలో ఉండే పెద్దాయన దగ్గర. బర్మా మనిషి, మేమంతా ఊలే అంటాం, మనం బాబాయి అన్నట్టు. చాలా మంచివాడు. మాకొచ్చిన చిక్కంతా ఆ మంచితనంతోనే.

మా ఆవిడ పొద్దున్నే వీధి మలుపులో ఇడ్లీ, దోసె అమ్ముతుంది. పప్పు నానబెట్టడానికి, గ్రైండరు కడగడానికి, గిన్నెలు తోమడానికి, అన్నిటికీ నీళ్లే. ఇల్లు నడిచేది ఆ ఇడ్లీ మీద. నా కబుర్ల మీద కాదని ఆవిడ రోజూ గుర్తు చేస్తుంది.

ఆ రోజు కరెంటొచ్చింది. ఊలే స్విచ్చి వేశాడు. మోటారు గుయ్యిమంది, తిరగలేదు. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ గుయ్యి.

నేను గ్రిల్లులోంచి తొంగి చూశాను. మోటారు వీపు మీది పెట్టెకి మూత ఎప్పుడో ఊడిపోయింది. లోపల కండెన్సరు వానకప్పలా పొట్ట ఉబ్బించుకుని కూర్చుంది. ఇంట్లో పంకాకి అదే జబ్బు చేస్తే నేనే మార్చాను కదా, నాకు తెలీదా?

"ఊలే, ఆపండి! కండెన్సరు పోయింది. మోటారుకి మొదటి తోపు ఇచ్చేది అదే. తోపు లేకుండా కరెంటు తాగిస్తే లోపలి తీగ మాడిపోతుంది" అన్నాను.

ఊలే నవ్వాడు. మెట్ల మీద నిలబడ్డ వాళ్లంతా నవ్వారు.

"మొసలి చెప్పిందా తమ్ముడూ?" అన్నాడు.

నిజం చెప్పిన మనిషికి ఇదా మర్యాద? మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ బిందెలు చూసుకుంటోంది.

మోటారుకి తీగ చుట్టే అతను మర్నాడు బండి తెచ్చి దాన్ని పట్టుకుపోతాడని ఊలే చెప్పాడు. అప్పుడే కబురు పంపేశాడట. పట్టుకుపోతే ఎప్పుడొస్తుంది? "వచ్చినప్పుడే" అన్నాడు, వానాకాలం గురించి చెప్పినట్టు.

"ఉన్న నీళ్లు రేపొద్దుటికే సరి, ఆ తరవాత బేరం బందే" అంది మా ఆవిడ పైకొచ్చాక. "ఏటి సేద్దారి?"

"నాను సెప్పింది నువ్వైనా నమ్ముతావేటి?"

"నమ్ముతాను. పంకా నువ్వే బాగుసేసినావు. కానీ నా ఒక్కదానికి నమ్మకముంటే తాళం ఊడతాదా?"

చౌక్తడా బజారుకి వెళ్లాను. ఎలక్ట్రిక్ సామాన్ల కొట్లు నాలుగు తిరిగి, పాతదాని మీదున్న అంకెలే ఉన్న కండెన్సరు కొన్నాను. జేబులో పెట్టుకుని తిరిగొచ్చేసరికి మా అత్తగారు గ్రిల్లు ముందు కూర్చుని, ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి మోటారుకి నిమ్మకాయ, మిరపకాయలు కడుతున్నారు.

"దిష్టి బాబూ, దిష్టి. ఇన్ని కొంపల కళ్లు దీని మీదే. నోరు లేందయినా దానికి మాత్రం తగల్దేటి?"

నాకు ఒళ్లు మండింది. అత్తగారు కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు బండి వచ్చింది. ఊలే తాళంచెవి చేత్తో పట్టుకుని దిగాలుగా నిలబడ్డాడు. పక్కకి పిలిచి మళ్లీ నిజమే చెప్పాను, కొత్త కండెన్సరు చూపించి మరీ.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు తమ్ముడూ. కానీ రమ్మన్నది నేను. బండి కట్టుకుని వచ్చాడు. వద్దని ఎలా అనను? ఆనాదే" అన్నాడు.

అదీ సంగతి! ఆనాదే అంటే మన మొహమాటం లాంటిదే, కాకపోతే దాని ముత్తాత. ఎదుటివాడి మనసు నొచ్చుకుంటుందని ఇంటికి నిప్పంటుకున్నా నీళ్లు అడగరు. మా ఆవిడ పొయ్యి ఆరిపోయినా ఫరవాలేదు, బండివాడు చిన్నబుచ్చుకోకూడదు! ఎంత అన్యాయం!

ఇక నిజాన్ని జేబులో పెట్టేశాను.

"అయ్యో ఊలే, ఆ నిమ్మకాయ చూశారా? మా అత్తగారు అమ్మవారికి మొక్కి కట్టారు. అది ఎండేదాకా మోటారు గడప దాటకూడదు. ఇన్సేన్‌లో మా చుట్టం ఒకడు వినకుండా దాటించాడు. తిరిగొచ్చాక ఆ పంపులోంచి నీళ్లు రాలేదు. మజ్జిగ వచ్చింది. మూడు ఇళ్ల వాళ్లు దాంతోనే స్నానాలు చేశారు, ఈగలు ముసిరి వీధిలోకి రాలేకపోయారు."

ఊలే మొహం వెలిగిపోయింది. మజ్జిగ నమ్మాడని కాదు. చెప్పడానికి ఒక కారణం దొరికింది. గబగబా బండివాడి దగ్గరికి వెళ్లి నిమ్మకాయ చూపించాడు. అతను చెప్పులు విప్పి మోటారుకి దండం పెట్టి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

"పూజ చెయ్యాలంటే లోపలికి వెళ్లాలిగా?" అని ఊలేనే తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

నిజం చెబితే నవ్వు, మజ్జిగ చెబితే తాళంచెవి! రాసుకోండి.

లోపలికి వెళ్లి మెయిను తీసేశాను. స్క్రూడ్రైవరుతో కండెన్సరు రెండు కాళ్లూ కలిపితే టప్పుమంది. దాచుకున్న కరెంటు అలా కక్కించకపోతే మనకి తగిలిస్తుంది. పాతది పీకి, రెండు తీగలూ కొత్తదానికి బిగించాను. బయట అత్తగారు గంట వాయిస్తున్నారు. పసుపు నీళ్లు మోటారు మీద చల్లబోతే "అత్తా, నీకు పున్నెముంటాది, నేల మీద సల్లు!" అని అరిచాను.

సాయంత్రం "మీలాబ్యీ!" కేక లేచింది. ఊలే స్విచ్చి వేశాడు. గుయ్యిమనలేదు. గిర్రున తిరిగింది. మేడ మీద తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు మెట్ల దాకా వినిపించింది. జనం చేతులు జోడించారు. నాకనుకుని నేనూ సగం దాకా జోడించాను. వాళ్ల చూపు నిమ్మకాయ మీదుంది. ఊలే భార్య మా అత్తగారి చెయ్యి కళ్లకద్దుకుంది. ఎదురింటావిడ తమ మోటారుకి కూడా ఒకటి కట్టమని అప్పుడే అడిగేస్తోంది.

పాత కండెన్సరు ఎత్తి పట్టుకుని "ఇదిగో, దీని పొట్ట చూడండి!" అని అరిచాను. ఎవరూ తిరగలేదు.

ఊలే భార్య మా ఆవిడని అడిగింది, మోటారు ఎలా బాగైందని. ఇప్పుడైనా నా పేరు వస్తుందని గొంతు సవరించుకున్నాను.

"మా అమ్మ నిమ్మకాయ" అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

పైకొచ్చాక నిలదీశాను. "నీకు తెల్దేటి? నువ్వూనా?"

ఆవిడ మినప్పప్పు నీళ్లలో పోస్తోంది.

"నువ్వే సేసినావని తెలిస్తే, ఏటి కెలికినాడోనని రేపు ఆ బండోడినే మళ్లీ పిలిపిస్తారు మావా. ఉండనీ. ఆ రెండో బిందె ఇటందుకో."