తడి వేలు

ఛత్రినాకలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒడిలో తోలు అట్టల ఫోటో ఆల్బమ్ ఉంది. వాళ్ల అక్క పెళ్లికి కానుకట. తోలు తనే కోసి, తనే కుట్టిందట. ఫోటోలన్నీ ఫోన్లో పడేసి మరిచిపోయే ఈ కాలంలో ఇంత ఓపికా అని ముచ్చటేసింది.

ముందు సీట్లో మిర్చిబజ్జీ తింటున్నతను వెనక్కి తిరిగి, "జర చూపియ్యి చెల్లె," అని చెయ్యి చాపాడు.

నాకు ఒళ్లు మండింది. "గా నూనె చేతులతోనా? బడి మొఖం చూడనోన్ని, నాకే ఎరుక పుస్తకం ఎట్ల పట్టాల్నో. నీకు తెల్వదా?" అని కసిరాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అమ్మాయి నవ్వి ఆల్బమ్ నాకిచ్చింది. లెక్కల పుస్తకం తిప్పే అలవాటు కొద్దీ బొటనవేలు నాలుకకు అద్ది పేజీ తిప్పాను. ఇంట్లో ప్రింటు తీసిన ఫోటో అది, పేజీ అంచు దాకా అతికించి ఉంది. మూలన నిలబడ్డ మనిషి ముఖం నా వేలి తడికి రంగు కరిగి అలుక్కుపోయింది.

"మా నాయిన. ఫోన్ పోయింది, గీ ఫోటో ఒక్కటే మిగిలింది బాపు," అంది మెల్లగా. నా వైపు చూసి, "ఫికర్ చెయ్యకు, ఆరుతది," అంది.

అఫ్జల్‌గంజ్ దాకా ఆ పేజీ మీద ఊదుతూనే ఉంది. నేను కసిరిన మనిషే లేచి, దుమ్ము పడకుండా మా కిటికీ అద్దం మూశాడు.

ఇప్పటికీ పుస్తకం తెరిస్తే బొటనవేలు నోటి దాకా వెళుతుంది. దాన్ని చొక్కాకు తుడుచుకొని, కాసేపు పేజీ తిప్పకుండానే కూర్చుంటాను.