నాకు నేనే చేసుకున్నట్టు మూడు ఫోన్లు

నా పాత ఫోన్‌ను అన్నకు ఇచ్చిన రోజు నేను చాలా గొప్పవాణ్నని అనుకున్నాను. అప్పటిదాకా ఆయన బటన్ ఫోన్‌తోనే నెట్టుకొచ్చాడు. నేను నెల్లూరు వెళ్లి కొత్తది కొనుక్కుని, పాతదాని అద్దం లుంగీ అంచుతో తుడిచి ఆయన చేతిలో పెట్టాను. "నంబర్లన్నీ ఇందులోనే ఉండాయన్నా, నువ్వు ఒక్కటి కూడా ఎక్కించుకోనక్కర్లేదు" అన్నాను. అందులో ఉన్న నా అకౌంట్ తీసేసి ఆయనకు వేరేది పెట్టాలని నాకు తెలుసు. బద్ధకం. అయినా మేతల షాపు, ఐసు బండి, కరెంటు లైన్‌మన్, రొయ్యలు కొనే ఆయన, మా ఇద్దరికీ కావలసినవాళ్లు వాళ్లే కదా, ఒక అకౌంట్ చాల్లే అనుకున్నాను.

వారం తిరక్కముందే నా కొత్త ఫోన్‌లో నేను చెయ్యని కాల్స్ కనబడటం మొదలైంది. పొద్దున ఆరింటికి మేతల షాపుకు, పదింటికి వదిన పుట్టింటికి. అన్న ఎవరికి చేసినా నా లిస్టులో పడుతోంది. ఆయన నాకే ఫోన్ చేస్తే ఇంకా వింత. ఆయన దగ్గర్నుంచి వచ్చినట్టు ఒకటీ, నా నంబరుకు నేనే చేసుకున్నట్టు ఇంకొకటీ కనబడేవి. నవ్వుకున్నాను. దాన్ని ఆపాల్సింది పోయి, ఆపకుండా చూడటం మొదలుపెట్టాను. "ఏందినా, వదిన వాళ్లింటికి రోజూ రిపోర్టు ఇస్తా ఉండావంట?" అని ఒకసారి ఏడిపించాను కూడా. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. ఆయనవి నాకు కనబడుతుంటే నావి ఆయనకు కనబడవా అన్న ముక్క నా బుర్రకు తట్టలేదు. మా ఇంట్లో ఫోన్ల సంగతి తెలిసినవాణ్ని నేనే మరి.

మా ఇద్దరికీ రొయ్యల గుంటలు ఉన్నాయి. ఒకే కాలువ మీద. నాది పైన, అన్నది కింద, ఆ తర్వాత ఇంకో నాలుగు గుంటలు దాటితే ఉప్పుటేరు. పోటు వచ్చినప్పుడు ఏటి నీళ్లు కాలువలోకి ఎక్కుతాయి, అప్పుడు అందరం మోటార్లు వేసి గుంటల్లోకి తోడుకుంటాం. మేం వదిలే నీళ్లు కూడా ఆ కాలువలోకే పోవాలి. అందుకే కాలువ మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరి గుంటకు జబ్బు తగిలినా, తూము ఎత్తేముందు కింద ఉన్నవాళ్లందరికీ చెప్పాలి. వాళ్లు మోటార్లు ఆపుకుంటారు. ఆ కట్టుబాటు పెట్టించింది మా అన్నే. ఒక ఏడు పైవాడెవడో చెప్పకుండా నీళ్లు వదిలితే మా ఇద్దరి గుంటలూ నాలుగు రోజుల్లో ఊడ్చుకుపోయాయి. అప్పుడు అందర్నీ కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. మొదట తలూపినవాణ్ని నేను.

గత ఏడాది ఒక సోమవారం సాయంత్రం నా గుంటలో రొయ్యలు గట్టు వారకు వచ్చి నిలబడ్డాయి. చేత్తో తీస్తే పారిపోవడం లేదు. తలపెంకు ఒలిచి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల చిన్న చిన్న తెల్లమచ్చలు. గుంటలు ఉన్నవాడికి అంతకంటే చెప్పనక్కర్లేదు. అయినా నాయుడుపేటలో ల్యాబ్ ఆయనకు ఫోన్ చేసి, శాంపిల్ పంపాను. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా అన్న ఫోన్ చేశాడు.

"గుంట ఎట్టుంది అబ్బయా?"

"బాగుందినా. మేత బాగా తింటా ఉండాయి."

"సరే."

ఊరికే అడిగాడనుకున్నాను. ఆయన అలా అడగటం కొత్తేమీ కాదు.

మంగళవారం ల్యాబ్ ఆయన తెల్లమచ్చ జబ్బే అని తేల్చేశాడు. నా రొయ్యలు అప్పటికే పట్టుబడికి వచ్చినవి. వెంటనే పట్టేస్తే ఎవరో ఒకరు కొంటారు. రెండు రోజులు ఆగితే అడుగున చచ్చి పడతాయి. అన్నవి నెల చిన్నవి. పట్టినా కొనే నాథుడు లేడు. ఆయన గుంటకు జబ్బు ఎక్కితే ఆ పంట మొత్తం పోయినట్టే. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, రొయ్యలు కొనే ఆయనకు వరసగా ఫోన్లు చేశాను. ఐసు బండికి చేశాను. జబ్బు నీళ్లలో చల్లే బ్లీచింగ్ అమ్మేవాడికి చేశాను. వల లాగే మనుషుల మేస్త్రికి చేశాను. జబ్బు అన్న మాట కాలువ మీద పొక్కితే కొనే ఆయన వెనక్కి తగ్గుతాడని నా భయం. పట్టుబడి అయ్యేదాకా నోరు కట్టుకుంటే చాలు, ఆ తర్వాత అన్నకు చెప్పేద్దాం అనుకున్నాను. ఒక్కరోజేగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తింటుంటే రెండోసారి ఫోన్ చేశాడు.

"రేపు పౌర్ణమి పోటు గదా. మోటారేసి నీళ్లెక్కించుకుందామనుకుంటా ఉండా. నీ గుంట కాడ కాలవ నీళ్లు ఎట్టుండాయి?"

ముద్ద నోట్లో ఉంది. మింగి చెప్పాను. "బాగుండాయినా. ఎక్కించుకో."

ఆ మాట ఎందుకన్నానో ఈ రోజుకీ నాకు అర్థం కాదు. "రెండు రోజులు ఆగునా" అంటే సరిపోయేది. కారణం కూడా అడిగి ఉండడు. కానీ ఆగమంటే ఎక్కడ అనుమానం వస్తుందో అని, అబద్ధాన్ని నిండుగా ఆడాను. సిగ్నల్ పోయిందేమోనని "అన్నా, అన్నా" అని రెండుసార్లు పిలిచాను. "ఈడనే ఉండాలే" అని పెట్టేశాడు.

బుధవారం పొద్దున్నే పట్టుబడి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇద్దరిలో ఎవరి గుంట పట్టినా, రెండోవాడు తూము దగ్గర నిలబడి వల పట్టుకోవాలి. నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే. అన్న వస్తాడేమో, వస్తే మచ్చలు చూస్తాడేమో అని దారి వైపే చూస్తున్నాను. ఏడింటికి ఫోన్ వచ్చింది.

"పట్టుబడంట గదా?"

"అవునన్నా. రేటు బాగుందన్నారు, పట్టేద్దామని."

"నాతో ఏమన్నా చెప్పాల్నా?"

"ఏముందినా."

"నేను రాలేనులే. పని ఉండాది."

హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట దాచి రాస్తే ఇదంతా రాయడమే దండగ. అన్న రాడని తెలిసి ఊపిరి పీల్చుకుని, తూము ఎత్తించాను. నీళ్లు కాలువలోకి దూకాయి. మిగిలిన నీళ్లకు తర్వాత బ్లీచింగ్ చల్లానులెండి. పోవాల్సినవి అప్పటికే పోయాయి.

పోటు సమయానికి ఎందుకో గట్టు మీదే నిలబడిపోయాను. అన్న మోటారు శబ్దం నా గుంట దాకా బాగా వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు. కింది నాలుగు గుంటల మోటార్లు కూడా పలకలేదు. పోటు మొత్తం కాలువ నిశ్శబ్దంగా ఉంది. ఫోన్ తీసి లిస్టు చూశాను, ఎవరైనా అన్నకు చెప్పారేమో, ఆయన ఎవరికైనా చెప్పాడేమోనని. ఆ మూడు రోజుల్లో ఆయన చేసినవి మూడే కాల్స్. మూడూ నాకే. నా నంబరుకు నేనే మూడుసార్లు చేసుకున్నట్టుగా కనబడుతున్నాయి. కరెంటు లేదేమో, నా అదృష్టం అనుకున్నాను. నా గుంట గట్టు మీద కరెంటు బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

శుక్రవారం టీ అంగట్లో కాలువ చివరి గుంట ఆయన కనిపించాడు. "మీ అన్న బుధవారం తెల్లారకముందే మోపెడ్ ఏసుకోని ఇంటింటికీ వచ్చినాడే. కాలవ నీళ్లు బాగలేవు, మోటార్లు ఎయ్యబాకండి అన్నాడు. ఎవరి గుంటనా అంటే చెప్పలా. ఫోన్ చేస్తే పోయేదానికి పాపం అంత దూరం తిరిగినాడు" అన్నాడు. ఫోన్ ఎందుకు చెయ్యలేదో అక్కడ నాకొక్కడికే తెలుసు. చేస్తే నా లిస్టులో పడుతుంది.

అప్పుడు వెలిగింది నాకు. ల్యాబ్ ఆయనకు చేసిన కాల్ దగ్గర్నుంచి అన్నీ ఆయన చూస్తూనే ఉన్నాడు. గుంట ఎట్టుంది అని అడిగినప్పుడే ఆయనకు తెలుసు. ఎక్కించుకో అని నేను చెప్పినప్పుడు కూడా.

రెండు రోజులు ఆ వైపు పోలేదు. ఆదివారం వదిన పిలిపించింది, ఫోన్‌లో ఏదో చూడాలంట అని. వెళ్లాను. అన్న వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వదిన చేపల పులుసు పోసి అన్నం పెట్టింది, ఎప్పటిలాగే. తినలేక తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక ఆయన ఫోన్ నా ముందు పెట్టాడు.

"నీ ఫోన్లన్నీ నాకు పడతా ఉండాయి. తీసెయ్."

"అన్నా, నేను..."

"ల్యాబోడికి చేసినావు. కొనేటాయనకి తొమ్మిది సార్లు చేసినావు. ఐసుకి చేసినావు, బ్లీచింగోడికి చేసినావు. నాకెప్పుడు చేస్తావా అని చూస్తా కూచున్నా అబ్బయా. చెయ్యవేమోనని నేనే చేసినా. మూడుసార్లు చేసినా."

గొంతు పెంచలేదు. తిట్టినా, చెంప పగలగొట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది. "తప్పైపోయిందినా" అన్నాను. వదిన కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తలెత్తలేక ఫోన్‌లోకే చూస్తూ నా అకౌంట్ తీసేశాను. దాంతోపాటే నంబర్లన్నీ పోయాయి. మేతల షాపు, లైన్‌మన్, వదిన పుట్టిల్లు, అన్నీ. ఖాళీ ఫోన్. ఒక్కొక్కటి మళ్లీ నా ఫోన్‌లో చూసి ఎక్కించడం మొదలుపెట్టాను. పది నంబర్లు ఎక్కించాక నాదాకా వచ్చింది. వేలు ఆగిపోయింది. అనుమతి అడగాలనిపించింది.

"నాది కూడా ఎక్కించేదానా?"

"అక్కర్లేదులే. నాకు నోటికొచ్చు" అన్నాడు అన్న.

ఇంటికి వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద బండి ఆపి, ఆయన నంబరు నాకూ నోటికి వచ్చో లేదో చెప్పుకుని చూశాను. ఐదు అంకెలు చెప్పి ఆగిపోయాను.