సుభాష్ నారు ముదిరింది

టేకుమట్ల దగ్గరి ఊళ్లో సుభాష్ పొద్దు పొడవకముందే లేస్తాడు. ఇందులో అబద్ధం లేదు. లేచి గోరువెచ్చని నీళ్లు తాగి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతాడు. ఫోన్‌లో ఒకాయన గెలుపు గురించి చెబుతాడు. ఆయన అయిపోతే ఇంకొకాయన. ఎండ పైకొచ్చేసరికి ఒళ్లంతా ఉత్సాహం. ఆ ఉత్సాహాన్ని ఎక్కడ దించాలో తెలియక మళ్లీ ఫోన్ తీస్తాడు.

తండ్రి పోయినప్పటి నుంచి వాళ్ల రెండెకరాలూ కౌలుకే. ఈ వానాకాలం తానే చేస్తానని సుభాష్ పొలాన్ని వెనక్కి తీసుకున్నాడు. తల్లి చిలుకమ్మ వద్దనలేదు. పంట తప్పితే మాత్రం మళ్లీ కౌలుకే ఇస్తానంది. నారు పోసింది ఆమే. నీళ్లు చూసింది భార్య రజిత.

ఆ ఊళ్లో నాట్లు బదులు మీద సాగుతాయి. ఇవాళ మీ ఇంటివాళ్లు మా పొలంలో వంగితే, రేపు మేం మీ పొలంలో వంగుతాం. ఆడవాళ్లు నాటేస్తారు, మగవాళ్లు నారు పీకి కట్టలు అందిస్తారు. ఎదురింటి సాలమ్మ ఒక సాయంత్రం ఆలుమగలిద్దరినీ తన నాటుకు పిలవడానికి వచ్చింది. సరిగ్గా ఆ వారమే ఫోన్‌లో ఒకాయన 'కాదు' అనడం నేర్చుకోమన్నాడు. మన సమయాన్ని ఊరికే పంచిపెట్టకూడదట. సుభాష్ ఆ పాఠం సాలమ్మకు అప్పజెప్పాడు. తమ టైమ్ తమకు ముఖ్యమని, ఇద్దరికీ వీలుకాదని నవ్వుతూ, ఎంతో మర్యాదగా చెప్పాడు. సాలమ్మ తలూపి వెళ్లిపోయింది. లోపల రజిత గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది.

ఆ తర్వాత వాళ్లింటికి ఎవరూ పిలుపుకు రాలేదు.

చుట్టూ పొలాలన్నీ పచ్చబడ్డాయి. సుభాష్ మళ్లు మాత్రం దున్ని, నీళ్లు పెట్టినా నాటు పడక అట్లాగే ఉన్నాయి. నారు పొడుగు సాగి కింది ఆకు పసుపెక్కింది. కూలీల కోసం బండేసుకుని రేగొండ దాకా తిరిగాడు. అందరూ ముందే ఒప్పుకున్న పొలాల్లో ఉన్నారు. ఇంటికొచ్చి కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. మనుషులను ఒప్పించడం ఎలాగో చెప్పే వీడియో వెతికాడు. బాగుంది. దాని రెండో భాగం ఇంకా బాగుంది.

"ఏం జేస్తున్నవ్?" అంది రజిత.

"సాలమ్మ పెద్దమ్మతోని ఎట్ల మాట్లాడాలెనో చూస్తున్న."

"ఇల్లు ఎదురుంగనే ఉంది. పోయి మాట్లాడు."

వెళ్లాడు. ముందు ఎదుటివాళ్లను మెచ్చుకోవాలి, తర్వాత అడగాలి. సాలమ్మ కాళ్లు కడుక్కుంటుంటే ఆమె పొలం పచ్చదనం గురించి ఎత్తుకున్నాడు. ఆమె చివరిదాకా విన్నది.

"గింత ముచ్చటెందుకు బిడ్డా? రేపు మా తమ్ముని నాటు. నారు గుంజెటోళ్లు తక్కువున్నరు. ఇద్దరొస్తరా, రారా? గది చెప్పు."

వస్తామన్నాడు.

సాలమ్మ తమ్ముడి నారుమడిలో సుభాష్ పిడికెడు పట్టి గుంజితే నారు వేర్లు తెగి చేతికొచ్చేది. వరసకు మరదలయ్యే పిల్ల, బావ నారు పీకుతున్నాడా, బర్రెకు గడ్డి కోస్తున్నాడా అని అడిగితే మడంతా నవ్వింది. మర్నాడు ఇంకొకరి పొలం, ఆ మర్నాడు మరొకరిది. చివర చేరినవాడి వంతు చివరనే. చేతులు పరాయి బురదలో ఉన్నా అతని మనసు తన నారుమడి చుట్టే తిరిగేది. పూటపూటకూ అది ముదురుతోంది.

ఎట్టకేలకు అందరూ అతని పొలంలో దిగారు. సాలమ్మ నారు చేతిలోకి తీసుకుని వేరు చూసింది.

"ముదిరిందిది. కుదురుకు ఎక్కువ పోచలు, దగ్గర దగ్గర పెట్టాలె. అన్ని మళ్లకు రాదు. ఏ మడి ఇడిచిపెడుదాం?"

ఆడవాళ్లు నారు కట్టలతో నీళ్లలో నిలబడి ఉన్నారు. సుభాష్ తల్లి వైపు చూశాడు. చిలుకమ్మ తలెత్తకుండా కొంగు దోపుకుంటోంది. పై మడికి నీళ్లు సరిగ్గా ఎక్కవు. కింది మడి మంచి నేల, కానీ గట్టి వానకు మునుగుతుంది. ఈ సంగతి ఏ ఫోనూ చెప్పదు.

"పై మడి," అన్నాడు.

ఎవరూ మంచిదనలేదు, చెడ్డదనలేదు. వంగారు. చిలుకమ్మ మాత్రం మెల్లగా, "దాన్ని వానకాలం ఎల్లినంక యాసంగికి చూస్కో," అంది.

సాయంత్రం దాకా నడుము ఎత్తినప్పుడల్లా అతని కళ్లు ఆ ఖాళీ మడి మీదికే పోయాయి. రేపు గట్టి వాన పడితే? కింది మడి విడవమని చెప్పి ఉంటే? ఆ లెక్క తెగకముందే అవతల నుంచి రజిత కేకేసేది, కట్టలు అయిపోయాయని. నారుమడికి పరుగెత్తేవాడు.