మోతీ నన్ను చూడటం నేర్చుకునేదాకా

ఆ ఉదయం మూడేళ్ల మా పాపకు జడ వేస్తున్నాను. ఉన్నట్టుండి కుడిచేయి గిలగిలా కొట్టుకుంది, దువ్వెన జారిపోయింది. మళ్ళీ తెలివి వచ్చేసరికి నేల మీద ఉన్నాను. మా అత్తమ్మ నా పిడికిట్లో తాళాల గుత్తి పెట్టి ఏడుస్తోంది.

ఈఈజీ, ఎంఆర్ఐ చూసి డాక్టరమ్మ అన్నారు: "ఇది ఎపిలెప్సీ. టాబ్లెట్లు ఒక్కపూట కూడా మానొద్దు. పాపతో ఒంటరిగా ఉండొద్దు."

జబ్బు పేరు విని తట్టుకున్నాను. ఆ చివరి మాటకు మాత్రం కుమిలిపోయాను. డోసు పెంచారు, మందు మార్చారు. ఫిట్స్ తగ్గాయి గానీ పోలేదు.

యాప్రాల్‌లో ఉండే రిటైర్డ్ ఆర్మీ కుక్కల ట్రైనర్ సలహాతో తూంకుంటలోని మా ఇంటికి మోతీ వచ్చాడు. రెండు నెలల లాబ్రడార్ కుక్కపిల్ల. ఇంట్లో చెప్పులన్నీ నమిలేశాడు. వాడు నేర్వాల్సిన పని ఒక్కటే, నాకు ఫిట్స్ వస్తే మనిషి వచ్చేదాకా మొరగడం. రోజూ నేను హాల్లో పడి ఉత్తుత్తి ఫిట్స్ నటించేదాన్ని. వాడు మొరిగితే అత్తమ్మ చికెన్ ముక్క పెట్టేది. అయితే ఆ నటనకు కూడా ఆమె తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టేది.

"ఉత్తదే గదా అత్తమ్మా!"

"ఉత్తదైతేంది? చేతిల ఇనుము లేకుంటే నా పానం ఆగది బిడ్డా."

ట్రైనర్ సార్ వచ్చినప్పుడు సిగ్గుపడి, గుత్తిని కొంగు చాటున తెచ్చి పెట్టేది. నేనూ చెప్పలేదు.

ఏడాది గడిచింది. మోతీ ఉన్నాడన్న ధైర్యంతో ఒకరోజు అత్తమ్మ కొట్టుకు వెళ్ళింది. కళ్ళు తెరిచేసరికి నా నోట్లో రక్తం, నాలుక తెగింది. పాప మూలన నక్కి వెక్కుతోంది. మోతీ నా కాళ్ళ దగ్గర హాయిగా పడుకున్నాడు. వాణ్ణి తీసుకుపొమ్మని సార్‌కి ఫోన్ చేసి అరిచాను.

సార్ వచ్చారు. తాళాల సంగతితో సహా జరిగిందంతా విన్నారు, అత్తమ్మ నడుముకున్న గుత్తి అడిగి తీసుకుని వంటగదిలోకి వెళ్ళి గలగలలాడించారు. మోతీ ఎగిరి లేచి మొరిగాడు, చికెన్ కోసం అత్తమ్మ చేతులు చూశాడు.

"వీని తప్పేం లేదమ్మా. వీడు మిమ్మల్ని చూస్తలేడు, తాళాల సప్పుడు ఇంటుండు."

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "నేనే ఖరాబు జేసిన్నా?" అంది. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. నేను పడినప్పుడల్లా, మోతీ మొరిగేదాకా, అత్తమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత నిజంగా ఫిట్స్ వచ్చినప్పుడు ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోందట. మోతీ మొరుగుడు విని వచ్చి, నన్ను పక్కకు తిప్పి, గడియారం చూసింది. "రెండు నిమిషాలు బిడ్డా. నీ వీపు నిమురుకుంట కూసున్న, గంతే."

అలా ఇంకో రెండుసార్లు జరిగాక, పక్కింటివాళ్ళకు చెప్పి ఉంచి పగలు పాపతో ఒంటరిగా ఉండొచ్చని డాక్టరమ్మ ఒప్పుకున్నారు. అత్తమ్మ శామీర్‌పేటలోని చెల్లెలి ఇంటికి బయల్దేరి, గేటు దగ్గర నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అంతకాలం ఎదురుచూసిన ఆ మధ్యాహ్నం ఏం చేయాలో తోచక, పాపా నేనూ ఒకరినొకరు పట్టుకుని నిద్రపోయాం.

కుక్కను తెచ్చుకోవాలనుకునేవారికి ఒక్కమాట. ఇంట్లో ఏం చేస్తారో ట్రైనర్ ముందు అదే చేయండి, నవ్వుతారని దాచకండి. మేం దాచినందుకు శిక్ష మా పాప అనుభవించింది.