డోరా కడుపునొప్పి, జిలానీ వైద్యం

తిరుమలగిరిలో గుర్రాలకూ కుక్కలకూ వైద్యం చేసే జిలానీకి ఒక పిచ్చి ఉండేది. జంతువుకు పట్టే మందు ముందు తాను తాగాలి. పాపం నోరులేనిది, ఘాటో చేదో చెప్పేదెవరని ఆయన వాదన. కాప్రాలో ఎవరి కుక్కకో నులిపురుగుల మందు కలిపి, కుక్కకంటే ముందు తానే చెంబు పట్టుకుని చెరువుగట్టుకు పరుగెత్తాడు. అయినా బుద్ధి రాలేదు. వస్తే జిలానీ ఎందుకవుతాడు?

రెండో పిచ్చి ఇంకా ఘోరం. జబ్బు జంతువులో కాదు, ఇంట్లో ఉంటుందట. పిల్లికి దగ్గని పిలిస్తే పిల్లిని వదిలేసి అత్తాకోడళ్లను కూర్చోబెట్టి కూపీ లాగేవాడు.

నిజాం మీద పోలీసు చర్య ముగిసి భారత పటాలం ఊళ్లో దిగిన మర్నాడు, పక్కింటి పేతురు టాంగా గుర్రం డోరాకు కడుపు ఉబ్బింది. పొద్దుటి నుంచీ లద్దె లేదు, గాలి లేదు. అది కింద పడి పొర్లితే పేగు మెలిపడి చస్తుంది, కనుక నడిపిస్తూనే ఉండాలి. ఆ గుర్రం పోతే పేతురు బతుకుతెరువు పోయినట్టే. నడిపిద్దామంటే వీధిలో కర్ఫ్యూ. జిలానీ గోడ దూకి వచ్చాడు.

"కర్ఫ్యూ బయట కద. ఇంట్ల తిప్పుదం," అన్నాడు.

పేతురు భార్య జ్ఞానమణి బడిలో టీచరు, ఇల్లు అద్దంలా ఉంచే మనిషి. అయినా ఆమే బెంచీలు పక్కకు జరిపింది. ముందు గదిలోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి ఇరుకు పెరట్లోకి, మళ్లీ వెనక్కి. డోరా తోక తగిలి గోడ గడియారం రాలింది. వాము, ఇంగువ, నల్లుప్పు కాచిన కషాయం జిలానీ సగం తాగి, సగం పట్టించాడు. త్రేన్పులు ఆయనకొచ్చాయి, డోరాకు రాలేదు.

అప్పుడాయన మొగుడూ పెళ్లాలను ఎగాదిగా చూశాడు. వాళ్లకు నాలుగు రోజులుగా మాటల్లేవు. పేతురు మాసిన చొక్కాతో చర్చికి వెళ్లాడని తగాదా. చెరో పక్కన నడుస్తూ మాట్లాడుకోమని జిలానీ హుకుం జారీ చేశాడు.

"డోరా, చొక్కా ఉతికి పెట్టినానని మీ అయ్యకు చెప్పు," అంది జ్ఞానమణి.

"తప్పు నాదేనని చెప్పు," అన్నాడు పేతురు.

ఇంట్లో గిట్టల చప్పుడేమిటని గస్తీ జవాన్లు తలుపు నెట్టుకొచ్చారు. వాళ్లలో నెల్లూరువాడు చేతులెత్తమని తెలుగులో అరిచాడు. ఆలుమగలిద్దరూ ఎత్తారు. ఆ రోజుల్లో జిలానీ లాంటి పేరున్నవాడు వెంటనే ఎత్తాలి. ఎత్తలేదు. అరచెయ్యి డోరా పొట్టకే అదిమి ఉంచాడు. తుపాకీ ఆయన ఛాతీకి తగిలింది.

"చెయ్యి తియ్య సాబ్. పేగు ఇప్పుడే కదులుతున్నది. కాల్చేదుంటే జెర ఆగి కాల్చుండ్రి."

డోరా తోకెత్తింది. పెళ్లి బ్యాండులా పెద్ద మోత, ఆ వెనకే కడిగిన నేల మీద బుట్టెడు లద్దె. జవాన్లు ముక్కులు మూసుకున్నారు. జిలానీ వెక్కి వెక్కి ఏడుస్తూ రెండు చేతులూ పైకెత్తాడు.